గుట్టరాయుడి ఆఖరి కేక

పార్సిల్ చట్నీకి దారం చుట్టేవాళ్ళ మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఇడ్లీ పొట్లానికి రబ్బరు బ్యాండు వేసి ఊరుకుంటారు. చట్నీకి మాత్రం, లోపలున్నది అవకాశం దొరికితే పారిపోతుందన్నట్టు, తెల్లదారం తీసుకుని ఊపిరాడకుండా బిగిస్తారు. ముడి ఎక్కడ మొదలైందో కట్టినవాడికి కూడా తెలియదు. గోళ్ళకు లొంగదు. పళ్ళతో కొరికితే ముందు చొక్కా తింటుంది, మిగిలితే మనం తింటాం. విశాఖపట్నంలో అరకు రైలెక్కిన పొద్దున నా చొక్కా కడుపునిండా టిఫిన్ చేసింది.

ఎదురు సీట్లో సుధీర్ దాన్ని చూసి కూడా నవ్వలేదు. నేను ఇబ్బందిపడితే నవ్వకుండా ఉండటం వాడి స్వభావం కాదు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ ప్రయాణం విహారయాత్రల లెక్కలోకి రాదని.

మేమిద్దరం హైదరాబాదులో ఒక చిన్న గేముల కంపెనీలో పనిచేస్తాం. సుధీర్ శబ్దాలు చేస్తాడు. నేను మాటలు రాస్తాను. మా గేములో గుట్టరాయుడు అనే రాక్షసుడున్నాడు. అతని డైలాగులన్నీ నావే. మొత్తం మూడు. వాటిలో రెండు హుంకారాలు.

ఫోన్లో మా గేము కింద జనం అభిప్రాయాలు రాసే చోట నెల క్రితం ఒకమ్మాయి ఇలా రాసింది: "మీ గేములో రాక్షసుడు మా నాన్న. ఆయన చనిపోయారు. మా అమ్మ ఆయన గొంతు వినాలంటోంది. ఉంటే పంపండి. గేము బాగుంది." అయిదు నక్షత్రాలు కూడా ఇచ్చింది. మాకు అయిదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళలో మా కంపెనీలో జీతం తీసుకోనిది బహుశా ఆ అమ్మాయి ఒక్కతే.

పంపడానికి ఏమీ లేదు. సుధీర్ అరకు దగ్గర ఒక కొండ మీద ఆ అమ్మాయి తండ్రి గొంతు రికార్డు చేసిన అసలు ఫైళ్ళున్న డిస్కు పాడైపోయింది. కాపీ ఉన్న డిస్కును జాగా చాలక ఆఫీసులో ఎవరో తుడిచేశారు. ఆ ముక్క రాసి పంపడానికి సుధీర్‌కి చెయ్యి రాలేదు. చెయ్యి రానప్పుడు కాళ్ళు కదులుతాయి కాబోలు. టిక్కెట్లు తీశాడు. తోడు రమ్మన్నాడు.

అద్దాల బోగీ

అరకు వెళ్ళనివాళ్ళ కోసం చెబుతున్నాను. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఎక్కడం అంటే నిజంగా ఎక్కడమే, ఆయాసపడుతూ, ఆగి దమ్ము తీసుకుంటూ. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో అందరూ గట్టిగా అరుస్తారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. తాతలు కూడా అరుస్తారు. వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు పల్లీలు ఒలుచుకుంటారు.

పక్క సీట్లో రిటైరైన లెక్కల మాష్టారు ఒకాయన, ఒంటరిగా, ఒళ్ళో మఫ్లర్ పెట్టుకుని కూర్చున్నారు. మా ఉద్యోగం గురించి ఆరా తీశారు.

"అంటే ఆడుకున్నందుకు జీతమిస్తారా?"

"ఆడితే ఇవ్వరండీ. పక్కవాళ్ళు పని మానేసి ఆడేలా చేస్తే ఇస్తారు."

ఆయన నవ్వి, సినిమాల మీదకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఏఐ మీదకు వచ్చారు. ఈ రోజుల్లో ఏ సంభాషణైనా అక్కడికే చేరుతుంది.

"పోయిన హీరోలతో కూడా కొత్త సినిమాలు తీసేయొచ్చట కదా?"

"తీయొచ్చండీ. మొహం, నడక, గొంతు, అన్నీ వస్తాయి," అన్నాడు సుధీర్.

"గొంతు కూడానా?" మాష్టారు కాసేపు కిటికీలోంచి చూశారు. "మా ఆవిడ గొంతు మాత్రం వద్దులే బాబూ. వస్తే ముందు, మందులేసుకున్నారా అంటుంది. వేసుకోలేదు."

సొరంగం వచ్చింది. అందరూ అరిచారు. మాష్టారూ సుధీరూ అరవలేదు. నేను వాళ్ళిద్దరి తరఫునా కొంచెం అరిచాను.

ఆ చీకట్లోంచి బయటపడ్డాక సుధీర్ నాకు రికార్డింగు సంగతి చెప్పాడు. సోమన్న అనే ఆ రైతు కొర్రచేలో మంచె మీద కూర్చుని పందుల్ని తరమడానికి కేకలేసేవాడట. ఆ కేకలు నిజంగా రాక్షసుడివే అనిపించేలా ఉండేవట. సాయంత్రం దాకా వేయించుకున్నాడు. వాటికి ఏనుగు ఘీంకారం కలిపి, వేగం తగ్గించి, సోమన్న కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు చేశాడు. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు.

"అంతా అయిపోయాక, మేం అడక్కుండానే, కింద ఊరి వైపు తిరిగి ఒక కేక వేశాడ్రా. పొడుగ్గా. చివర్లో దిగిపోయి, సన్నగా అయిపోయి... వినగానే, రాక్షసుడు చచ్చేటప్పుడు ఇదే అనుకున్నా. ఉన్నదున్నట్టు పెట్టేశా."

అంటే, సోమన్న గొంతు ఈ లోకంలో మిగిలింది గుట్టరాయుడు చచ్చే చోట మాత్రమే. ఆ చావుకేకను కోసి భార్యకు ఎలా పంపుతాం?

"అందుకే ఏఐతో కొంచెం చేశాను," అన్నాడు సుధీర్, ఫోను జేబులోంచి తీయకుండా దాన్ని తడుముతూ. "ఆ కేకలోంచి గొంతు పట్టి, మాట్లాడించాను. ఆమెకు వినిపిద్దాం."

నేను చొక్కా మీద చట్నీని గోటితో గీకుతూ కూర్చున్నాను.

అరకు: కాఫీ కొట్టు

అరకులో అందరూ తినమనే బొంగు చికెన్ తిన్నాను. వెదురు బొంగులో కోడిముక్కలు కూరి, నూనె లేకుండా నిప్పుల మీద కాలుస్తారు. రుచి బాగుంది. ధర చూస్తే బొంగు కూడా తినాలనిపించింది.

ఆ అమ్మాయి పేరు మౌనిక. డిగ్రీ చదివి, రోడ్డు పక్క కాఫీ కొట్టులో పనిచేస్తోంది. వాళ్ళ కొండల్లో కాసిన కాఫీని యాత్రికులకు పెద్ద కప్పుల్లో పోస్తుంది. ఇంట్లో మాత్రం వాళ్ళు టీ తాగుతారట.

"కాఫీ మీకెందుకు నచ్చదు?" అన్నాను.

"కోసేవోళ్ళకి తాగాలనిపించదు సార్," అంది. తరవాత నా వైపు తిరిగి, "రాక్షసుడి మాటలు రాసింది మీరేనా? 'ఊఁ' ఒకటి, 'ఆఁ' ఒకటి. దీనికి ఏటి సదివినారు సార్?"

"ఎమ్మే."

"అమ్మో," అంది, నిజంగానే జాలిపడి.

హాస్టల్లో స్నేహితురాలెవరో పక్క మంచం మీద మా గేము ఆడుతుంటే, వెనక నుంచి ఆ కేక వినబడిందట. మౌనిక చేతిలో అన్నం కంచం కింద పడిందట. అప్పటికి సోమన్న పోయి కొన్ని నెలలే. ఛాతీ జబ్బు. కొండ దించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు.

"ఇంట్లో నాన్న గొంతు ఎక్కడా లేదు సార్. ఆయనకి బటన్ల ఫోను. ఫొటో ఒక్కటే ఉంది, ఆధార్ కార్డు మీద. అందులో ఆయన ఆయనలాగ లేడు."

"అందులో ఎవరూ ఉండరు," అన్నాను.

"అమ్మ ఈ ఏడు కొత్త తినలేదు," అంది మౌనిక. కప్పు తుడుస్తూనే చెప్పింది.

కొత్త అంటే కొత్తగా కోసిన కొర్రలు. మా తెనాలి వైపు కొత్త బియ్యం ఇంటికొస్తే అరగవేమోనని భయపడతాం. ఇక్కడ కొత్త పంట వండి ముందు పోయిన పెద్దలకు పెడతారు, ఆ తరవాత ఇంట్లోవాళ్ళు తింటారు. పండగ అయిపోయింది. ఊరంతా తిన్నారు. మౌనిక తల్లి పోతమ్మ మాత్రం సోమన్నకు విస్తరి వెయ్యలేదు, తను తినలేదు. ఎవరడిగినా, ఆయన కేక వినకుండా ఎలా పెడతానంటుందట. పోయినవాడు కేకెలా వేస్తాడే అని చుట్టాలంతా కోప్పడ్డారు. రోజూ పాత చోడి అంబలి తాగుతోంది. చోళ్ళంటే రాగులే. ఆ డబ్బా కూడా అడుగంటుతోంది.

"అందుకే మీకు రాసినాను," అంది మౌనిక. "తెచ్చినారు కదా సార్?"

సుధీర్ కాఫీ వైపు చూశాడు. "ఉంది," అన్నాడు.

అనంతగిరి దారి

మర్నాడు జీపు. నడిపే అప్పన్న మాటకారి. తన జీపు సినిమాలో నటించిందన్నాడు.

"ఈరో కాదు, ఇలన్ ఎక్కినాడు బాబూ మన జీపు. ఆకరికి లోయలో పడి పేలిపోనాది."

"మరి ఇది?"

"ఇదే. గ్రాఫిక్సు. ఆళ్ళు దాన్ని పేల్చేత్తంటే నాను పక్కన కూకోని టీ తాగతన్నాను. సినిమా వొచ్చినాక మా ఇంటిదాన్ని తీసుకెల్తే హాల్లో గొల్లుమన్నాది. ఓసి ఎర్రిదానా, జీపు బయటే ఉన్నాది కదే అంటే, పేలిపోనాది, సూసినాను కదా అంటాది. అప్పట్నించి ఇందులో ఎక్కదు. బస్సులో తిరుగుతాది."

నేను చాలాసేపు నవ్వాను. తరవాత, ఆవిడ మాటలో తప్పెక్కడుందో వెతికాను. దొరకలేదు.

కాఫీ తోటలు దాటి మట్టిదారి పట్టాక ఒక మలుపు దగ్గర అప్పన్న ఇంజను ఆపేశాడు. "సోమన్న కేకేత్తే ఈడికి ఇనబడీది," అన్నాడు. అందరం విన్నాం. ఏమీ లేదు. మిరియాల తీగల మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"ఇప్పుడు సేలు ఎవరు కాస్తన్నారు?" అని మౌనికను అడిగాడు.

ఆ సమాధానం కూడా టెక్నాలజీకి సంబంధించినదే. ఎవరో వచ్చి సోలారు స్పీకరు పెట్టి వెళ్ళారట. చీకటి పడితే అది పులిలా గాండ్రిస్తుంది. పందులు మొదట భయపడ్డాయి. వారం తిరక్కుండానే స్పీకరు కింద నేల వెచ్చగా ఉందని వచ్చి పడుకోవడం మొదలుపెట్టాయి. ఈ ఏడు కొర్రలు సగం వాటికే పోయాయి.

"మా నాన్నకి మాత్రం అలవాటు పడలేదు సార్," అంది మౌనిక. "రోజూ ఒకలాగ అరిసీవాడు కాదు."

ఊరి పేరు రాయను. రాస్తే దానికీ నక్షత్రాలిస్తారు.

పోతమ్మ ఇల్లు

జీపు ఆగిన చోటు నుంచి కొంత నడక. నా బూటులోకి జలగ దూరింది. దానికి మాత్రం నా రాక వల్ల సంతోషం కలిగింది.

పోతమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చిన్నమనిషి. మమ్మల్ని చూసి, "బేగి రండి, తడిసిపోతన్నారు," అని గోనెపట్టా పరిచింది. లోటాల్లో చోడి అంబలి పోసిచ్చింది. పుల్లగా, చల్లగా, గొంతులోంచి నెమ్మదిగా దిగింది. డబ్బా అడుగంటుతోందని విన్నాను కాబట్టి సగమే తాగుదామనుకున్నాను. ఆమె లోటాలోకి చూసి మళ్ళీ నింపింది.

పొయ్యి పక్కన మూతపెట్టిన కుండ. దాని ముందు అడ్డాకులతో కుట్టిన విస్తరి ఒకటి, ఖాళీగా. మేం వస్తున్నామని కొత్త కొర్రలు వండి పెట్టుకుంది.

ఇరుగుపొరుగు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సుధీర్ ఫోను తీశాడు. చేత్తో వాడి మోకాలు తట్టాను, వద్దనో కానిమ్మనో నాకే తెలియదు.

ఫోను మాట్లాడింది. మంచి గొంతు. స్పష్టంగా, గంభీరంగా. "పోతమ్మా, బాగున్నావా? నేను బాగానే ఉన్నాను."

పోతమ్మ మర్యాదగా ఆఖరిదాకా విన్నది. ఆ తరవాత సుధీర్‌ని చూసి అడిగింది.

"ఎవులు బాబూ ఈయన? టీవీలో వార్తలు సదువుతాడా?"



"ఆయనేనమ్మా," అన్నాడు సుధీర్. "కంప్యూటరు ఆయన గొంతుతో..."

"ఆయన కాదు. నన్ను పేరెట్టి ఎప్పుడు పిలిసినాడు?" అంది పోతమ్మ. కోపం లేదు, తప్పు దిద్దుతున్నట్టుంది. "ఓలె అనీవోడు. పెల్లయిన కాడినించి ఓలె అనే. బాగున్నావా అని ఏనాడూ అడగలేదు. ఎదురుగా ఉన్నదాన్ని బాగున్నావా అని ఎవులడుగుతారు?"

సుధీర్ ఫోను బోర్లించి పెట్టాడు. లేచి, చూరు కిందకు వెళ్ళి వానను చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి అటు తిరిగే అన్నాడు, "గేము పెట్టండి. అందులో ఉన్నది నిజంది. ఆఖర్లో."

మౌనిక తన ఫోనులో గేము తెరిచి నాకిచ్చింది. "నేను ఆడను సార్. ఆయన దాకా వొస్తాను, ఆపేస్తాను. చెయ్యి రాదు."

సుధీర్ వెనక్కి తిరగలేదు. మిగిలింది నేను. మా కంపెనీలో మా గేము అందరికంటే అధ్వాన్నంగా ఆడేది నేనేనని వాళ్ళకు తెలియదు. అక్కడ సిగ్నలు లేదు కాబట్టి మధ్యలో ప్రకటనలు రావు. ఆ సాయంత్రం మా కంపెనీకి కొంత నష్టం జరిగింది.

గుట్టరాయుడు అడవికి కాపలా. ఆటగాడు అడవి దాటాలి. దాటాలంటే రాయుణ్ణి చంపాలి. అరుగు మీద వాళ్ళకు ఆ ముక్క వివరించాను. మౌనిక మధ్యలో అందుకుంది.

"మా నాన్న కేకేస్తే పందులు పారిపోయేవి. మీ గేములో పందులకి కత్తులిచ్చినారు."

రాయుడు చెట్ల వెనక నుంచి లేచాడు. ఏనుగు కలిసిన గొంతుతో నేను రాసిన 'ఊఁ' అన్నాడు. ఒక్క దెబ్బ కొట్టాడు. నేను చచ్చాను.

అరుగు మీద ఒక ముసలాయన తొడ చరిచాడు. "సోమన్న గెలిసినాడు!"

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చచ్చాను. ఈసారి అందరూ అరిచారు. "కొట్టు సోమన్నా! సారుని ఒగ్గీకు!" జీపు వదిలి వచ్చిన అప్పన్న నా వెనక నిలబడి, "ఎడం పక్కకి తప్పుకోవాల బాబూ... అదిగో, పోనాడు," అని నా చావుల్ని ప్రకటిస్తున్నాడు. పోతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. పోయినవాడి ఇంట్లో ఆ నవ్వు ఎన్నాళ్ళకు వినబడిందో వాళ్ళకే తెలియాలి. నాకైతే అక్కడితో ఆపేయాలనిపించింది. చేతకానితనం ఒక ఊరికి ఇంత సంతోషం ఇస్తుందంటే, జీవితాంతం ఓడిపోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

కానీ కుండ మీద మూత అలాగే ఉంది. విస్తరి ఖాళీగా ఉంది. ఆమె నవ్వు ఆపి, ఫోను వైపు చూస్తోంది.

ఓడినకొద్దీ వేళ్ళకు కొంత బుద్ధి వస్తుంది. ఎడం పక్కకు తప్పుకున్నాను. రాయుడి కాళ్ళ మీద కొట్టాను. వాడు తూలాడు. అరుగు మీద అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంకో దెబ్బ. రాయుడు మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పన్న, "సాలు బాబూ," అన్నాడు, మెల్లగా. నేను కొట్టాను.

కేక వచ్చింది.

ఏనుగు లేదు. ఏ హంగూ లేదు. ఒక మనిషి గొంతు, దూరం నుంచి, పొడుగ్గా లేచి, ఎక్కడో వంపు తిరిగి, కొండ దిగుతున్నట్టు దిగి, సన్నగా అయిపోయి ఆగింది.

పోతమ్మ లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొయ్యి దగ్గరకు వెళ్ళి, చేతికి అలవాటైనట్టు మూత తీసి, గరిటె అందుకుని, విస్తరిలో కొర్రన్నం వడ్డించింది. వేడి లేదు, పొగ రాలేదు. నీళ్ళ లోటా తెచ్చి పక్కన పెట్టింది. తరవాత గుమ్మం వైపు, మంచె నుంచి వచ్చే దారి వైపు చూసింది. చూస్తూ ఆగిపోయింది.

"అది పందుల కేక కాదు సార్," అంది మౌనిక. "కాపలా అయిపోనాక, మంచె దిగీముందు ఏసీవాడు. అమ్మ కోసం. వత్తన్నాను, కూడు ఎట్టు అని. రోజూ అది ఇన్నాకే వడ్డించీది."

చూరు కింద సుధీర్ మా వైపు తిరిగాడు. వాడు చావు కేక అనుకున్నది, లక్షమంది ఫోనుల్లో రోజూ చావుకేకగానే మోగుతున్నది, అదన్నమాట. నేను ఏదైనా అనాలనుకున్నాను. నేను మాటలు రాసేవాణ్ణి.

ఫోను తెరమీద నాణేలు రాలుతున్నాయి. గెలిచానని రాసి ఉంది.

పోతమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. వానకు దారిలో ఎవరూ లేరు. ఆమె ఒకసారి అటు చూసి, ఫోను చూసి, నన్ను చూసింది.

"ఇంకోపాలి సంపు బాబూ," అంది.